డాలస్‌లో పబ్లిక్ గోల్ఫ్ కోర్సులను పరిచయం చేసుకోవడం ఎలా?

ఉద్యోగరీత్యా డాలస్ ప్రాంతానికి వచ్చిన తెలుగువారిలో గోల్ఫ్ ఆడాలన్న కోరిక ఉండి కూడా, అది సభ్యత్వాలు ఉన్నవాళ్ల ఆట, మనకు అందేది కాదు అనుకొని ఆగిపోయినవారు నాకు చాలామంది తారసపడ్డారు. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో గోల్ఫ్ మైదానాన్ని ప్రహరీ గోడ అవతలి నుంచే చూస్తూ పెరిగినవారికి అలా అనిపించడం సహజం. డాలస్‌లో పరిస్థితి వేరు. ఇక్కడి నగరపాలక సంస్థకే 18 హోల్స్ ఉన్న కోర్సులు ఆరు ఉన్నాయి. పార్కు, గ్రంథాలయం ఎలా ఊరి జనం ఆస్తో ఇవీ అలాగే ఊరి జనం ఆస్తి. ఎవరి సిఫారసూ అక్కర్లేదు, సభ్యత్వం అక్కర్లేదు. ఫీజు కట్టి టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే వేళ, తీసుకొంటే చాలు.

మీరు ప్రాక్టీస్ రేంజ్‌లో బంతిని కొట్టడం నేర్చుకొన్నారని, ఆట నియమాలు స్థూలంగా తెలుసునని, ఈ ఊరికి మాత్రం కొత్తవారని అనుకొని ఈ వివరాలు రాస్తున్నాను. కొత్త ఊళ్లో చాలామంది చేసే పని, వారానికో కొత్త కోర్సు చొప్పున తిరిగి చూడటం. నా అనుభవంలో దానివల్ల ఒరిగేది తక్కువ. ఒక్క కోర్సుకు మళ్లీ మళ్లీ వెళ్లి, అక్కడి మనుషులకు మీ ముఖం గుర్తుండేలా చేసుకొంటే, మిగతా కోర్సుల సంగతులు వాళ్లే చెబుతారు.

మొదటి మెట్టు: ఏ కోర్సు ఎవరిదో తెలుసుకోండి

డాలస్ చుట్టుపక్కల పబ్లిక్ కోర్సులు మూడు రకాలు. డాలస్ నగరానివి ఒక రకం. చుట్టూ ఉన్న పురపాలక సంఘాలు సొంతంగా నడిపేవో, సంస్థలకు అప్పగించి నడిపించేవో రెండో రకం. రిచర్డ్‌సన్‌లోని షెరిల్ పార్క్, ప్లేనోలోని పెకన్ హాలో, గార్లండ్‌లోని ఫైర్‌వీల్, క్యారల్టన్‌లోని ఇండియన్ క్రీక్ ఈ కోవలోవి. ప్రైవేటు యాజమాన్యంలో ఉంటూ రోజువారీ ఫీజుతో ఎవరినైనా ఆడనిచ్చేవి మూడో రకం. ఈ తేడా తెలియడం ఎందుకంటే, పురపాలక కోర్సుల్లో చాలాచోట్ల స్థానికులకు ఫీజు తగ్గుతుంది. మీరుండే ఊరి కోర్సులో అటువంటి సదుపాయం ఉందేమో అడగండి; ఉంటే చిరునామా ఉన్న డ్రైవింగ్ లైసెన్సో కరెంటు బిల్లో చూపవలసి వస్తుంది.

డాలస్ నగరం కోర్సులు ఆరింటిలో దేని స్వభావం దానిదే. వాయవ్యాన ట్రినిటీ నది ఎల్మ్ ఫోర్క్ పాయ పక్కనున్న లూనా విస్టా ఇర్వింగ్, క్యారల్టన్ వాసులకు దగ్గర. నది ఒడ్డు పల్లపు నేల కావడంతో భారీ వానలు పడినప్పుడు అక్కడ నీరు నిలుస్తుంది. వాన వెలిసిన మర్నాడు ఫోన్ చేయకుండా బయలుదేరకండి. ఆగ్నేయాన కీటన్ పార్క్‌లో పెకన్ చెట్ల మధ్య ఆడతారు. ఓక్ క్లిఫ్‌లోని స్టీవెన్స్ పార్క్ పొడవు తక్కువైనా ఎత్తుపల్లాలు, వాగు ఉన్న కోర్సు. కొన్ని హోల్స్ మీద నిలబడితే డౌన్‌టౌన్ భవనాలన్నీ ఎదురుగా కనిపిస్తాయి. తూర్పు డాలస్‌లో వైట్ రాక్ క్రీక్ వెంబడి ఉన్న టెనిసన్ పార్క్‌లో హైలాండ్స్, గ్లెన్ అని రెండు కోర్సులు ఉన్నాయి. డాలస్‌లో పేద కుటుంబంలో పుట్టి పెరిగిన లీ ట్రెవినో పేరు తెచ్చుకోకముందు పందేలు కాసి ఆడింది ఈ టెనిసన్‌లోనే. తరువాత ఆయన 1968లోనూ 1971లోనూ యూఎస్ ఓపెన్ గెలిచాడు.

సీడార్ క్రెస్ట్ గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. దీన్ని రూపొందించిన ఏ.డబ్ల్యూ. టిల్లింగ్‌హాస్ట్ అమెరికాలో ఎంతో పేరున్న ప్రైవేటు కోర్సులను కూడా రూపొందించినవాడు. 1927లో, వృత్తి గోల్ఫర్ల సంఘమైన పీజీఏ నడిపే చాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. వాల్టర్ హేగన్ వరుసగా నాలుగోసారి ఆ పోటీని గెలిచింది ఈ నేల మీదే. నల్లజాతి ఆటగాళ్లను పెద్ద పోటీలలోకి రానివ్వని రోజుల్లో, వాళ్లు తమకోసం నడుపుకొన్న జాతీయ ఓపెన్ 1954లో ఇదే కోర్సులో జరగగా చార్లీ సిఫర్డ్ గెలిచాడు. శ్వేతజాతీయులకు మాత్రమే అన్న నిబంధనను పీజీఏ 1961లో ఎత్తివేసింది. ఇంత చరిత్ర ఉన్న మైదానంలో, ఏ పరిచయమూ లేని కొత్తవ్యక్తి మామూలు మున్సిపల్ ఫీజు కట్టి ఆడగలగడం నాకు ఇప్పటికీ గొప్ప విషయంగానే తోస్తుంది. మీ ఇంటికి దూరమైనా మొదటి నెలలో ఒకసారి వెళ్లి రండి.

రెండో మెట్టు: మొదటిసారి క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) లేకుండా వెళ్లండి

ఇంటికి అరగంట దూరంలో ఉన్న కోర్సును ఒకదాన్ని ఎంచుకొని, వారం మధ్యలో ఒక సాయంత్రం టీ టైమ్ ఏమీ తీసుకోకుండా వెళ్లండి. ప్రో షాప్‌లో, అంటే కోర్సు వాళ్ల కౌంటరు ఉన్న దుకాణంలో, స్కోరు కార్డు ఒకటి అడిగి తీసుకోండి. బంతిని కప్పులోకి దొర్లించడం, అంటే పట్ చేయడం, సాధన చేసే పటింగ్ గ్రీన్ చుట్టూ నడవండి. మొదటి టీ (హోల్‌లో తొలి దెబ్బ కొట్టే చోటు) దగ్గర ఓ పావుగంట కూర్చొని, జనం వేర్వేరు దూరాల్లో ఉండే ఏ రంగు టీల నుంచి కొడుతున్నారో, నడిచి ఆడేవాళ్లు ఎందరో, కార్టుల మీద వెళ్లేవాళ్లు ఎందరో గమనించండి. ప్రాక్టీస్ రేంజ్ ఉంటే ఒక బుట్ట బంతులు కొట్టడానికి వాళ్ల దగ్గర క్లబ్బు అరువు దొరుకుతుందేమో కూడా అడగవచ్చు.

ఆ తరువాత కౌంటర్ దగ్గర రద్దీ లేని సమయం చూసి కొన్ని ప్రశ్నలు అడగండి. ట్వైలైట్ ఫీజు (సాయంత్రపు తగ్గింపు ఫీజు) ఎన్ని గంటలకు మొదలవుతుంది, వారాంతంలో ఉదయం పూట నడిచి ఆడనిస్తారా, ఒంటరిగా వచ్చినవారిని ఏ వేళల్లో ఇతరులతో సులువుగా కలుపుతారు, గ్రీన్స్‌కు ఏరేషన్ ఎప్పుడు చేశారు, మళ్లీ ఎప్పుడు చేస్తారు. చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. ఏరేషన్ అంటే గడ్డి వేళ్లకు గాలి ఆడటానికి గ్రీన్ అంతటా వేలి మందాన రంధ్రాలు చేసి ఇసుకతో నింపడం. గడ్డికి అది అవసరమే. కాని ఆ తరువాత సుమారు రెండు వారాలపాటు పట్ చేసిన బంతి గంతులు వేస్తూ ఎటో పోతుంది. నేను వచ్చిన కొత్తలో శివారులోని ఒక కోర్సుకు ఆన్‌లైన్‌లో పూర్తి ఫీజు కట్టి శనివారం ఉదయం వెళితే, మొదటి గ్రీన్ మీద ముందురోజు చేసిన రంధ్రాలు, పైన తడి ఇసుక కనిపించాయి. బుకింగ్ పేజీలో ఆ మాట ఎక్కడా లేదు. అడిగితే ఫీజు తిరిగి ఇవ్వలేదు. అప్పటినుంచి ఏ కోర్సుకు వెళ్లే ముందయినా ఒక్క ఫోన్ చేసి ఆ సంగతి కనుక్కొంటాను. అడిగితే ఎవరూ దాచరు, పైగా ఆ రోజుల్లో కొన్నిచోట్ల ఫీజు తగ్గిస్తారు.

మూడో మెట్టు: ఇక్కడి గడ్డిని, వాతావరణాన్ని చదవండి

ఈ ప్రాంతపు ఫెయిర్‌వేల (టీకి, గ్రీన్‌కు మధ్య పొట్టిగా కోసిన గడ్డి దారుల) మీద ఉండేది ప్రధానంగా బెర్ముడా గడ్డి. వేడికి అది ఏపుగా పెరుగుతుంది, చలికి నిద్రపోతుంది. శీతాకాలం మొదట్లో మంచు పట్టగానే ఫెయిర్‌వేలు కోతలైన చేలలా గోధుమరంగుకు తిరిగి, వసంతం దాకా అలాగే ఉంటాయి. చూసినవారికి కోర్సు ఎండిపోయిందనిపిస్తుంది గాని అది చనిపోలేదు. ఆ కాలంలో బంతి గట్టి నేలను అంటుకొని ఉంటుంది కనుక క్లబ్బు ముందు బంతికి, ఆ తరువాతే నేలకు తగిలేలా కొట్టవలసి ఉంటుంది. ఫీజులూ రద్దీ తక్కువగా ఉండే కాలం కూడా అదే. తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకొంటే, అది కరిగేదాకా ఎవరినీ మైదానంలోకి పంపరు. అప్పుడు తొక్కితే గడ్డి ఆకులు విరిగి అడుగుల ముద్రలు వారాల తరబడి నిలిచిపోతాయి. ఉదయం ఎనిమిది గంటల టీ టైమ్ పదింటికి జరగవచ్చునని లెక్కవేసుకొని మిగతా పనులు పెట్టుకోండి.

బెర్ముడా గ్రీన్‌కు గడ్డి వాలు ఉంటుంది, అంటే పోచలు ఒకవైపుకు ఒరిగి పెరుగుతాయి. బంతి వెనుక నిలబడి కప్పువైపు చూసినప్పుడు గడ్డి నిగనిగలాడుతూ కనిపిస్తే వాలు మీకు ముందుకు ఉన్నట్టు, బంతి వేగంగా పోతుంది. ముదురు రంగులో మందంగా కనిపిస్తే ఎదురు వాలు, కొంచెం గట్టిగా కొట్టాలి. అనుమానంగా ఉంటే కప్పు దగ్గరికి వెళ్లి వంగి దాని అంచును పరిశీలించండి. ఒకవైపు అంచు కత్తితో కోసినట్టు నున్నగా ఉంటుంది. రెండోవైపు మధ్యాహ్నానికల్లా పోచలు వాడి, అంచు చెదిరి ఉంటుంది. గడ్డి వాలేది ఆ చెదిరిన వైపుకే. టెనిసన్‌లో నాతో కలిసిన ఒక పెద్దాయన మోకాలి మీద కూర్చొని వేలితో ఆ అంచును తాకి చూపించాడు. అప్పటిదాకా నా పట్ ఎందుకు తక్కువ పడుతోందో నాకు అర్థమయ్యేది కాదు.

నేల చాలాచోట్ల నల్లరేగడి. మన గుంటూరు, ఆదిలాబాద్ వైపు రేగడి తెలిసినవారికి దీని సంగతి వివరించనక్కర్లేదు. వాన పడితే జిగురుగా పట్టుకొంటుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అందుకే వాన తరువాత ఒకటి రెండు రోజులు కార్టులను సిమెంటు బాట దాటనివ్వరు. బంతి ఒక అంచున, కార్టు ఇంకో అంచున ఉంటే మీరు రెండు మూడు క్లబ్బులు చేతిలో పట్టుకొని నడవాలి. ఒకే క్లబ్బు తీసుకొని వెళ్లి, సరిపోక మళ్లీ కార్టు దగ్గరికి రావడంవల్ల వెనుకవాళ్లకు ఆలస్యమవుతుంది.

వేసవిలో ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో దాదాపు 38 దాటిన రోజులు చాలానే వస్తాయి. మన ఎండలకు అలవాటుపడ్డాం కదా అని ధీమా పడకండి. నాలుగు గంటలు నీడలేని చోట నడవడం వేరు. పొద్దు పొడిచేటప్పటి టీ టైమ్ గాని, ట్వైలైట్ గాని తీసుకోండి. జూన్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కనుక ఆఫీసు అయ్యాక తొమ్మిది హోల్స్ సునాయాసంగా ఆడవచ్చు. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. వసంతంలో దక్షిణపు గాలి బలంగా వీస్తుంది, ఉరుములు వస్తాయి. మెరుపుల హెచ్చరిక సైరన్ మోగితే ఆ ఒక్క షాట్ పూర్తిచేద్దామని కూడా ఆగకూడదు.

మట్టి కుప్పల్లా కనిపించే ఫైర్ యాంట్స్ (కుట్టే ఎర్రచీమలు) పుట్టలు ఇక్కడ ఎక్కువ. చీమలే కదా అని పుట్టమీద కాలు పెట్టి నిలబడితే నిమిషంలో పాదమంతా కుట్టి మంట పుట్టిస్తాయి, ఆపైన బొబ్బలు లేస్తాయి. గోల్ఫ్ నియమాలు ఈ చీమలను పేరుపెట్టి ప్రమాదకర జీవుల్లో చేర్చాయి. బంతి పుట్టను ఆనుకొని ఉంటే శిక్ష లేకుండా కొంచెం పక్కకు, కప్పుకు దగ్గర కాకుండా వేసుకోవచ్చు. వాగు ఒడ్డు గడ్డిలో బంతి పడితే చేయి పెట్టి వెతకకండి, పాములు ఉంటాయి. బంతి పోతే పోనివ్వండి.

నాలుగో మెట్టు: ఒంటరిగా వెళ్లి ముగ్గురితో కలవండి

ఈ మెట్టు దగ్గరే మనవాళ్లలో ఎక్కువమంది వెనుకాడతారు. ఆఫీసులో ఇంకో ముగ్గురు తెలుగువాళ్లు పోగయ్యేదాకా ఆగి, అందరికీ కుదిరిన రోజున వెళదామనుకొంటారు. ఆ రోజు నెలకొక్కసారి కూడా రాదు. పబ్లిక్ కోర్సులో ఒంటరిగా వచ్చినవారిని ఇద్దరో ముగ్గురో ఉన్న జట్టులో కలపడం మామూలు పద్ధతి, అందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు. ప్రో షాప్‌లో ఒక్కరికి చోటు అడగండి. టీ టైమ్‌కు అరగంట ముందే చేరి, మొదటి టీ దగ్గర వరుసక్రమం చూసే స్టార్టర్‌కు మీ పేరు చెప్పండి. ఆయన రెండుసార్లు పలికినా అర్థంకాని పేరయితే మీరే పొట్టిగా చేసి చెప్పండి, మూడోసారి వెళ్లేటప్పటికి ఆయనకే నోటికి వస్తుంది. కోర్సులో ఏ హోల్ తడిగా ఉంది, ఏ బంకర్‌లో ఇసుక లేదు, ఏ రోజున టోర్నమెంటు ఉంది అన్నవి స్టార్టర్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

కలిసినవాళ్లకు చేయి కలిపి పేరు చెప్పి, మీరు కొత్తవారన్న మాట దాచకుండా చెప్పండి. సరిగా కొట్టలేకపోవడాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆలస్యం చేయడాన్ని మాత్రం అందరూ పట్టించుకొంటారు. 18 హోల్స్ నాలుగు, నాలుగున్నర గంటల్లో ముగియాలన్నది పబ్లిక్ కోర్సుల్లో అందరూ ఆశించేది. కాబట్టి ఇతరులు కొట్టేలోగానే మీ క్లబ్బు ఎంచుకొని ఉండండి, బంతి కోసం మూడు నిమిషాలకు మించి వెతకకండి. నియమం ప్రకారం కూడా గడువు అంతే. ఒక హోల్‌లో పది దెబ్బలు దాటితే బంతి ఎత్తుకొని జేబులో వేసుకోవడం మర్యాదే అవుతుంది. బంతి ఎవరివైపయినా పోతుంటే "ఫోర్" అని గట్టిగా అరవండి. సిగ్గుపడి ఊరుకొంటే ఎదుటివారి తలకు తగులుతుంది.

ఏ టీ నుంచి ఆడాలన్నది ఇంకో ముఖ్య విషయం. అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బయిన డ్రైవర్‌తో మీ దెబ్బ సగటున 200 గజాలు పోతుంటే మొత్తం పొడవు 5,200 నుంచి 5,400 గజాల మధ్య ఉన్న టీలు మీకు తగినవి. 225 గజాలు పోతుంటే 5,800 నుంచి 6,000 దాకా. స్కోరు కార్డు మీద ప్రతి రంగు టీకి పొడవు రాసి ఉంటుంది. మిగతా ముగ్గురు వెనుక టీలకు వెళ్లినా మీరు ముందు టీల నుంచి కొట్టవచ్చు, ఎవరూ తప్పుపట్టరు.

మైదానాన్ని చక్కబెట్టుకొంటూ ఆడేవారిని పాతకాపులు వెంటనే గుర్తిస్తారు. గ్రీన్ మీద పడిన బంతి చేసిన గుంటను చిన్న ఫోర్కుతో అంచుల నుంచి మధ్యకు తోసి, పటర్ అడుగుతో తట్టి చదును చేయాలి; కిందినుంచి పైకి ఎత్తితే వేళ్లు తెగిపోతాయి. ఫెయిర్‌వే మీద లేచిపోయిన గడ్డి ముక్కను, బెర్ముడా కాబట్టి, తిరిగి పెట్టడం కంటే కార్టుకు ఉన్న సీసాలోని ఇసుకను గుంటలో నింపి కాలితో అదమడం మేలు. పక్క గడ్డి దాని మీదికి పాకుతుంది. ఈ రెండు పనులూ ఎవరూ చెప్పకముందే చేస్తే, ఆట ముగిశాక వచ్చే వారం మళ్లీ కలుద్దామా అన్న ప్రశ్న వాళ్ల నుంచే వస్తుంది.

ఐదో మెట్టు: హ్యాండిక్యాప్ తీసుకొని సంఘాల్లో చేరండి

నాలుగైదు సార్లు ఆడిన తరువాత టెక్సస్ గోల్ఫ్ అసోసియేషన్ ద్వారా హ్యాండిక్యాప్ ఇండెక్స్ తీసుకోండి. అది మీ ఆట స్థాయిని తెలిపే అంకె, ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు. మొత్తం 54 హోల్స్ స్కోర్లు నమోదైతే, అంటే మూడు పూర్తి రౌండ్లో ఆరు సగం రౌండ్లో అయితే, ఇండెక్స్ వస్తుంది. గరిష్ఠం 54.0 కాబట్టి కొత్తవారికి కూడా చోటుంది. అమెరికాలో పూర్తిగా ఒంటరిగా ఆడిన రౌండ్ దీనికి పనికిరాదు, పక్కన ఎవరో ఒకరు ఉండాలి. నాలుగో మెట్టును దాటవేయకూడదని నేను నొక్కి చెప్పడానికి ఇది ఇంకో కారణం.

ఇండెక్స్ చేతికి వచ్చాక మీ కోర్సులో ఆటగాళ్ల సంఘం ఉందేమో ప్రో షాప్‌లో అడగండి. హ్యాండిక్యాప్ లెక్కన ఆడే పోటీలు కనుక ముప్పై ఇండెక్స్ ఉన్నవారు పది ఉన్నవారితో సమానంగా పోటీపడవచ్చు. వారాంతంలో ఉదయపు టీ టైమ్‌లు దొరకడం లేదని బాధపడేవారికి సంఘం మంచి దారి. సంఘాలకు ముందే కేటాయించిన వేళలు కొన్ని ఉంటాయి.

ఆరో మెట్టు: ఆపైన దూరపు కోర్సులు, పిల్లలు

ఒక కోర్సు బాగా పరిచయమయ్యాకనే మిగతావి చూడండి. డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి ఉత్తరంగా ఉన్న గ్రేప్‌వైన్ మున్సిపల్ కోర్సులో 27 హోల్స్ ఉన్నాయి. 1945లో వరుసగా 11 పోటీలు గెలిచిన ఈ ప్రాంతపు మనిషి బైరన్ నెల్సన్ చేయి దాని రూపకల్పనలో ఉంది. అమెరికా పీజీఏ తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్లోరిడా నుంచి ఫ్రిస్కోకు మార్చుకొంది. అక్కడ 2023లో తెరిచిన ఫీల్డ్స్ ర్యాంచ్ కోర్సులు రెండు. ఈస్ట్ కోర్సును గిల్ హాన్స్, వెస్ట్‌ను బో వెలింగ్ రూపొందించారు. ఈస్ట్ కోర్సులో 2025లో మహిళల పీజీఏ చాంపియన్‌షిప్ జరిగింది. 2027 పీజీఏ చాంపియన్‌షిప్ కూడా అక్కడికే కేటాయించారు. ఎవరైనా ఆడవచ్చు గాని ఫీజు మున్సిపల్ కోర్సులకు కొన్ని రెట్లు. ఆ డబ్బు పెట్టేది ఏడాదికి ఒక్కసారే అయినా, మీ షాట్లు ఎంత దూరం పోతాయో మీకు తెలిసిన తరువాత పెట్టండి.

ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉండే తల్లిదండ్రులకు మాత్రం అదే ప్రాంగణంలో ముందుగా చూడదగినవి వేరే ఉన్నాయి. ది స్వింగ్ అనే పది హోల్స్ పార్ 3 కోర్సుకు (ఒక్కో హోల్‌ను మూడు దెబ్బల్లో ముగించాల్సిన పొట్టి కోర్సు) దీపాలున్నాయి, రాత్రిపూట కూడా ఆడవచ్చు; పక్కనే రెండెకరాల పటింగ్ మైదానం ఉంది. ఆట మీద ఆసక్తి చూపిన పిల్లలను ఫస్ట్ టీ శిక్షణలో చేర్చండి, యూత్ ఆన్ కోర్స్ సభ్యత్వం తీసుకోండి. ఆ పథకంలో చేరిన కోర్సుల్లో పిల్లలు 5 డాలర్లకో అంతకన్నా తక్కువకో ఆడవచ్చు. బంతులు అక్కడ కొనుక్కొందాంలే అని వెళ్లకుండా, ఇంట్లో ఉన్న పాత బంతులు అరడజను, ఒక చిన్న పటర్, మంచినీళ్ల సీసా తీసుకొని వేసవి సాయంత్రం ఏడింటికి చేరితే, ఎండ దిగి ఉంటుంది, చీకటి పడేదాకా గంటన్నర ఆడుకోవచ్చు.